జపాన్ వెళ్తున్నారా? ముందు లేబుల్ చదవడం నేర్చుకోండి

చదువుకో ఉద్యోగానికో జపాన్ వెళ్లే పిల్లలకు అమ్మీలు పచ్చళ్లు, మసాలాలు కట్టిస్తారు. అవి ఎన్నాళ్లొస్తాయి? తర్వాత దిక్కు వీధి చివర కన్వీనియెన్స్ స్టోరే.

అసలు చిక్కు అక్కడే. మాంసం లేదు కదా అని బ్రెడ్ తీసుకుంటాం. అందులో వేసిన షార్టెనింగ్‌లో పంది కొవ్వు ఉండొచ్చు, లేబుల్ మీద మాత్రం 'షార్టెనింగ్' అనే ఉంటుంది. చేప పెట్టిన అన్నం ముద్ద ఒనిగిరిలో మిరిన్ అనే తియ్యటి మద్యం పడి ఉండొచ్చు. కొన్ని సోయా సాసుల్లో నిల్వ కోసం ఆల్కహాల్ కలుపుతారు. దాని సంగతి మీ మౌలానాను అడిగే వెళ్లండి.

పందిని 'బుతా', మద్యాన్ని 'సాకే' అంటారు. ఈ రెండు మాటల జపనీస్ అక్షరాలను ఫ్లైట్ ఎక్కకముందే గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఫోన్ కెమెరా అనువాదం పనికొస్తుంది కానీ అన్నిసార్లూ నమ్మలేం.

హలాల్ చికెన్‌కు దిగులు లేదు. టోక్యోలో షిన్-ఓకుబో స్టేషన్ దగ్గర హలాల్ దుకాణాలున్నాయి, బాస్మతి, పప్పులూ దొరుకుతాయి. కోబేలో 1935లో కట్టిన మసీదుకు అక్కడి భారతీయ ముస్లిం వ్యాపారులూ చందాలిచ్చారు. అలాంటి చోట పాతవాళ్లను కలిస్తే ఏ బ్రెడ్ కొనాలో వాళ్లే చెప్తారు.

హోటల్లో అయితే 'బుతానికు వా హైత్తే ఇమస్ కా' అనండి. పంది మాంసం ఉందా అని.