ఇరాన్ ఆకు చాయ్: తయారీ, రుచి, జాగ్రత్తలు

ఇంటికి మెహమాన్ వస్తే, మంచినీళ్ళ తర్వాత మనం ముందుగా అడిగేది చాయ్ గురించే. మన గుండుగొలనులో హైవే పక్క కొట్లలోనైనా, ఇళ్ళలోనైనా చాయ్ అంటే పాలు, పంచదార, పొడి కలిపి మరిగించినదే. ఇటీవల ఉమ్రాకు, జియారత్‌కు వెళ్ళి వచ్చేవారు, గల్ఫ్‌లో పనిచేసే మన పిల్లలు ఇరాన్ ఆకు చాయ్ పొట్లాలు తెస్తున్నారు. ఆ ఆకును కొన్ని ఇళ్ళలో పాలలో వేసి మరిగించి, "ఇందులో పస లేదు" అని అటక మీద పెట్టేయడం మేము చూశాము. ప్రేమతో తెచ్చిన కానుక అలా వృథా కాకూడదని, ఆ ఆకు సంగతి, దాన్ని కాచే పద్ధతి దాతలతో పంచుకుంటున్నాము.

ముందుగా ఒక తేడా గమనించాలి. హైదరాబాదులో మనం తాగే ఇరానీ చాయ్ వేరు, ఇరాన్‌లో తాగే చాయ్ వేరు. ఇరాన్ నుంచి బొంబాయి వైపుకు, అక్కడి నుంచి హైదరాబాదుకు వచ్చి హోటళ్ళు పెట్టినవారి వల్ల ఆ పేరు వచ్చింది. అక్కడ డికాక్షన్‌ను మూతపెట్టి దమ్ మీద ఉంచుతారు, పాలను విడిగా చిక్కగా కాస్తారు, కప్పులో రెండూ కలుపుతారు. ఇరాన్‌లో మాత్రం చాయ్‌లో పాలు పోయడం అలవాటు లేదు.

ఇరాన్ తేయాకు కథలో మన దేశానికి పెద్ద పాత్రే ఉంది. కాషిఫుస్సల్తనె అనే బిరుదు గల మొహమ్మద్ మీర్జా మన దేశంలో ఇరాన్ దౌత్య ప్రతినిధిగా ఉన్నప్పుడు, హిమాలయాల దగ్గరి కాంగ్రాలో తేయాకు సాగు నేర్చుకున్నారు. 1900 ప్రాంతంలో సుమారు 3,000 మొక్కలను ఇరాన్‌కు తీసుకెళ్ళి, కాస్పియన్ సముద్రం దగ్గర గీలాన్ రాష్ట్రంలోని లాహిజాన్‌లో నాటించారు. వాన, చెమ్మ, కొండవాలు అక్కడ తేయాకుకు కలిసి వచ్చాయి. ఆయన 1929లో మరణించారు. లాహిజాన్‌లో ఆయన సమాధి ఉన్నచోటే నేడు తేయాకు మ్యూజియం ఉంది. అంటే లాహిజాన్ ఆకు మనకు చుట్టమే.

మనం రోజూ వాడే గుళికల పొడిని సీటీసీ అంటారు. ఆకును యంత్రాల్లో నలిపి, చింపి, గుళికలుగా చుడతారు. అందుకే రంగు, వగరు వెంటనే దిగుతాయి. పాలలోని మాంసకృత్తులు ఆ వగరును పట్టి తగ్గిస్తాయి కనుక పాలకు ఆ పొడి సరిపోతుంది. లాహిజాన్ ఆకును వాడబెట్టి, మెలితిప్పి, గాలికి నల్లబడనిచ్చి, ఆరబెడతారు. దాని రంగు నెమ్మదిగా దిగుతుంది, రుచి సున్నితంగా ఉంటుంది. పాలు పోస్తే ఆ రుచి మునిగిపోతుంది.

ఫార్సీలో చాయ్ కాయడాన్ని కూడా 'దమ్' అనే అంటారు. మన దమ్ బిర్యానీలోని దమ్ ఇదే. ఇరాన్‌లో దీనికి సమావర్ వాడతారు. అది లేకపోయినా చేయవచ్చు. కెటిల్‌లో నీళ్ళు మరిగించండి. పింగాణీ కూజాను వేడినీటితో కడిగి, గ్లాసుకు ఒక చిన్న చెంచా చొప్పున ఆకు వేయండి. నలుగురికైతే నాలుగు చెంచాల ఆకుకు రెండు గ్లాసుల మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టండి. కూజాను కెటిల్ మూతి మీద ఉంచి, సన్నని సెగ మీద 12 నుంచి 15 నిమిషాలు ఆవిరికి వదిలేయండి. కూజాలోని ఆకు మాత్రం మరగకూడదు, మరిగితే చేదెక్కుతుంది. తర్వాత గాజు గ్లాసులో మూడోవంతు నుంచి సగం దాకా డికాక్షన్ పోసి, మిగతాది వేడినీటితో నింపాలి. పలుచనిది 'కమ్‌రంగ్', చిక్కనిది 'పుర్‌రంగ్'. ఎవరికి ఎలా కావాలో అడిగి పోయడం అక్కడి మర్యాద. మన కొల్లేటి వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో ఎంత మంచి ఆకైనా రుచి చెడుతుంది, మంచినీళ్ళే వాడాలి.

గ్లాసును వెలుగుకు పట్టి చూడండి. ఎర్రని తేనె రంగు కనిపించాలి. ముందు వాసన చూసి, చిన్న గుటక తీసుకుని నాలుక మీద కాసేపు నిలపండి. వగరు తక్కువగా, చివర్లో కొద్ది తీపి తెలుస్తుంది. ఇరానీయులు పంచదారను చాయ్‌లో కలపకుండా గట్టి ముక్కను పళ్ళ మధ్య ఉంచుకుని తాగుతారు. మన పటికబెల్లం ముక్క ఆ పనికి చక్కగా సరిపోతుంది. ఒక ఏలక్కాయ దంచి వేసుకోవచ్చు.

కొనేటప్పుడు మూడు సంగతులు చూడాలి. ఇరాన్‌లో అమ్మే చాయ్ అంతా అక్కడ పండినది కాదు. మన దేశం నుంచీ, శ్రీలంక నుంచీ ఆ దేశం ఎంతో తేయాకు కొంటుంది. కనుక పొట్లం మీద లాహిజాన్ లేదా గీలాన్ పేరు ఉందేమో చూడండి. రెండోది తేదీ. అక్కడ ముద్రించే సంవత్సరం మన చాంద్రమాన హిజ్రీ కాదు, సౌరమాన హిజ్రీ. దానికి 621 కలిపితే, అది ఏ ఇంగ్లీషు సంవత్సరం మార్చిలో మొదలైందో తెలుస్తుంది. 1403 అంటే 2024 మార్చిలో మొదలైన ఏడాది. మూడోది రంగు. తడి వడపోత కాగితం మీద ఆకు చల్లితే వెంటనే రంగు మరకలు పడకూడదు. పడితే రంగు కలిపారని అనుమానించాలి. మన కొట్టు పొడికీ ఈ పరీక్ష పనికొస్తుంది.

ఆరోగ్యం మాట కూడా చెప్పాలి. ఇరాన్ ఈశాన్యాన గొలెస్తాన్ ప్రాంతంలో జరిగిన పరిశోధనల్లో, పొగలు కక్కే చాయ్ తాగే అలవాటుకూ అన్నవాహిక క్యాన్సర్‌కూ సంబంధం కనిపించింది. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు బహుశా క్యాన్సర్ కారకాలని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. తప్పు ఆకుది కాదు, వేడిది. పోసిన తర్వాత కొన్ని నిమిషాలు ఆగి తాగడం మేలు. భోజనంతోపాటు చాయ్ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనత ఉన్న ఆడపిల్లలు, గర్భిణులు భోజనానికీ చాయ్‌కీ మధ్య కనీసం గంట వ్యవధి ఇవ్వాలి.

ధర చూసి వెనుకాడేవారు గ్లాసు లెక్కన చూడాలి. గ్లాసుకు రెండున్నర గ్రాములు చాలు, పావు కిలో పొట్లం 100 గ్లాసులు ఇస్తుంది. పాల ఖర్చు లేదు. కాబట్టి అటక మీది పొట్లాన్ని దించండి. ఈసారి పదిమంది కలిసినప్పుడు కూజా దమ్ మీద పెట్టి, ఎవరికి ఎంత చిక్కన కావాలో అడిగి పోయండి.