గ్యాస్ మాత్ర మానలేకపోతున్నారా?



ఛాతీలో మంట, పులితేన్పులు అంటూ మా వద్దకు వచ్చేవారిలో చాలామంది అప్పటికే గ్యాస్ మాత్ర వాడుతుంటారు. వీరిలో చెల్పూర్ విద్యుత్ కేంద్రంలో, భూపాలపల్లి బొగ్గు గనుల్లో షిఫ్టులు చేస్తూ వేళకు తినలేనివారు ఉన్నారు. మోకాళ్ల నొప్పుల మాత్రలతోపాటు దీన్నీ మింగే పెద్దలూ ఉన్నారు. నెల రోజులకని రాసిచ్చిన మాత్రను కొందరు ఏళ్ల తరబడి వాడుతున్నారు. మరికొందరు "ఎముకలు పోతాయట" అని ఎవరో అనగానే ఒక్కసారిగా మానేస్తున్నారు. ఈ రెండూ మంచివి కావు.

మాత్ర ఎలా పనిచేస్తుంది?

ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్ వంటి మందులు కడుపులో ఆమ్లాన్ని ఊరించే పంపులను ఆపుతాయి. తిండి తినగానే ఆ పంపులు పని మొదలుపెడతాయి. అందువల్ల మాత్రను ఉదయం టిఫినుకు అరగంట నుండి గంట ముందే వేసుకోవాలి.

మొదట్లో కనిపించే ఇబ్బందులు

తలనొప్పి, వికారం, విరేచనాలు లేదా మలబద్ధకం కొందరిలో వస్తాయి. ఇవి సాధారణంగా స్వల్పంగానే ఉంటాయి. తగ్గకపోతే డాక్టరుగారు ఇదే రకంలో మరో మందుకు మార్చవచ్చు. కొన్ని మాత్రల్లో డొంపెరిడోన్ కూడా కలిసి ఉంటుంది. అవి వాడేటప్పుడు గుండెదడ వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే చెప్పండి.

ఏళ్ల తరబడి వాడితే

ఆహారంలోని బి12 విటమిన్ ఒంటికి పట్టాలంటే ఆమ్లం కావాలి. కనుక ఎక్కువ కాలం వాడేవారిలో బి12 తగ్గవచ్చు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారు, శాకాహారులు మరింత జాగ్రత్తగా ఉండాలి. అరికాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట, విపరీతమైన నీరసం ఉంటే రక్తపరీక్ష అవసరం. మెగ్నీషియం తగ్గితే కండరాలు పట్టేస్తాయి, గుండె లయ తప్పవచ్చు. ఎముకలు విరిగే ముప్పు గురించి అమెరికా ఔషధ సంస్థ 2010లో హెచ్చరించింది.

అయితే భయపడనక్కరలేదు. 17 వేలమందికి పైగా రోగులపై దాదాపు మూడేళ్లు సాగి, 2019లో ప్రచురితమైన అధ్యయనంలో పాంటోప్రజోల్ వాడినవారిలో పేగుల ఇన్ఫెక్షన్లు మాత్రమే కొద్దిగా ఎక్కువగా కనిపించాయి. అవసరం ఉన్నవారికి ఈ మందు మేలే చేస్తుంది.

మానగానే మంట ఎందుకు?

చాలాకాలం ఆపి ఉంచిన పంపులు, మాత్ర మానగానే మునుపటికంటే ఎక్కువ ఆమ్లాన్ని ఊరిస్తాయి. 2009లో ప్రచురితమైన డెన్మార్క్ అధ్యయనంలో, ఏ కడుపు జబ్బూ లేనివారికి 8 వారాలు ఈ రకం మాత్ర ఇచ్చి ఆపారు. ఆ తరువాతి నెలలో వారిలో 44 శాతం మందికి మంట, పులితేన్పుల వంటి బాధలు కలిగాయి. మందులేని ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో అది 15 శాతమే. అంటే మంట తిరిగి వచ్చినంత మాత్రాన జబ్బు తిరగబెట్టిందని కాదు. ఇది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

ఎలా తగ్గించుకోవాలి?

డాక్టరుగారి సలహాతో ముందు మోతాదు తగ్గించి, తరువాత రోజు విడిచి రోజు వాడి, ఆపవచ్చు. మధ్యలో మంట వస్తే యాంటాసిడ్ సిరప్ వాడుకోవచ్చు. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు విరామం ఇవ్వండి. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. పొగాకు, మద్యం మానండి. పచ్చళ్లు, కారం పడకపోతే తగ్గించండి.

సొంతంగా మానకూడనివారు

గుండెకు ఆస్పిరిన్ వాడుతున్నవారు, కడుపులో పుండు నుండి రక్తస్రావం అయినవారు, రోజూ నొప్పి మాత్రలు వేసుకునేవారు డాక్టరుకు చెప్పకుండా మానితే ప్రాణాపాయం కలగవచ్చు. క్లోపిడోగ్రెల్ వాడేవారు ఒమెప్రజోల్ వేసుకునే ముందు తప్పక అడగాలి.

మింగడం కష్టమైనా, మలం తారులా నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆలస్యం చేయవద్దు. ఛాతీ బిగపట్టి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే గ్యాస్ అనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

తిమోతి కడుపు జబ్బును పౌలు భక్తుడు లేఖ రాస్తూ కూడా మరచిపోలేదు. మీ కడుపు బాధ చెప్పుకోవడానికి మీరూ సంకోచించకండి. ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకొని తీసుకురండి. ఏది ఉంచాలో, ఏది మానాలో కలిసి చూద్దాం.