అంగారకుని మీద సున్న ఎక్కడ?

ఒక బత్తాయి పండు చేతిలోకి తీసుకోండి. తొడిమ ఉన్న చోటు ఉత్తర ధ్రువం, దాని కింది కొస దక్షిణ ధ్రువం అనుకుందాం. రెండింటికీ సమదూరంలో నడుము చుట్టూ గీత గీస్తే అది మధ్యరేఖ. ఇంతవరకు తగాదా లేదు. ఇప్పుడు తొక్క వలిచి తొనలు లెక్కపెట్టండి. మొదటి తొన ఏది? మీరొకటి అంటారు, మీ పక్కవాడు మరొకటి అంటాడు. ఇద్దరిదీ తప్పు కాదు!

గ్రహాల సంగతీ ఇంతే. గ్రహం తన చుట్టూ తాను తిరుగుతుంది గనుక ధ్రువాలను, మధ్యరేఖను ప్రకృతే చూపిస్తుంది. రేఖాంశాలను ఎక్కడనుంచి లెక్కపెట్టాలో మాత్రం మనుషులు కూర్చుని ఒప్పుకోవలసిందే. భూమికి ఆ ఒప్పందం 1884లో వాషింగ్టన్‌లో కుదిరింది. ఇంగ్లండులోని గ్రీనిచ్‌లో జార్జి ఎయిరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు అమర్చిన దూరదర్శిని మీదుగా పోయే రేఖ సున్న అయింది. మన కాకినాడకు దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖ అక్కడనుంచి లెక్కించినదే.

మరి అంగారకుని మీద గ్రీనిచ్ ఏది? 1830 ప్రాంతంలో బీర్, మాడ్లర్ అనే ఇద్దరు జర్మన్లు, ఆ గ్రహం ఒక చుట్టు తిరగడానికి ఎంతసేపు పడుతుందో కొలవదలచి, దాని మీద కనిపించిన ఒక నల్ల మచ్చను గుర్తుగా పెట్టుకున్నారు. తరువాతివారు ఆ మచ్చనే సున్నగా తీసుకున్నారు. దూరదర్శినితో చూసే రోజుల్లో అది చాలింది. 1971లో మేరినర్-9 నౌక అంగారకుని చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీయడం మొదలుపెట్టాక మచ్చ పనికిరాకపోయింది. అంత వెడల్పు మచ్చలో సున్న ఏ మూల? అందుకని అక్కడే ఒక పెద్ద గుంటలో ఉన్న, అర కిలోమీటరు వెడల్పు గల బుల్లి గుంటను శాస్త్రజ్ఞులు ఎంచుకున్నారు. పెద్దదాని పేరు ఎయిరీ, బుల్లిదాని పేరు ఎయిరీ-సున్న. గ్రీనిచ్ పెద్దమనిషిని అక్కడా వదలలేదు!

బుధునితో వచ్చిన చిక్కు వేరు. 1974-75లో మేరినర్-10 వెళ్ళినప్పుడు, సున్న ఉండవలసిన చోటు చీకట్లో ఉంది. వెలుగులో ఉన్న ఒక చిన్న గుంటను పట్టుకుని, ఇది 20 డిగ్రీల పడమటి రేఖ మీద ఉన్నట్టు అన్నారు. దాని పేరు హున్ కాల్. మాయా జాతివారి భాషలో ఆ మాటకు ఇరవై అని అర్థం.

ఇలా ఎవరికి తోచినట్టు వారు లెక్కిస్తే ఏమవుతుంది? అంగారకుడు ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటాడు. అందువల్ల అక్షాంశాన్ని గ్రహ కేంద్రం వద్ద కోణంగా కొలిస్తే ఒక అంకె, నేలకు లంబంగా గీసిన గీతతో కొలిస్తే మరో అంకె వస్తాయి. 45 డిగ్రీల దగ్గర ఆ తేడా డిగ్రీలో మూడో వంతు. అంటే సుమారు 20 కిలోమీటర్లు! పటం ఏ పద్ధతిదో చూసుకోకుండా నౌకను దింపితే, మైదానం అనుకున్న చోట బండరాళ్ళు ఎదురుకావచ్చు. అందుకే అంతర్జాతీయ ఖగోళ సంఘం 1976లో ఒక కార్యవర్గాన్ని ఏర్పాటు చేసింది. గ్రహాలకు, ఉపగ్రహాలకు అందరూ వాడవలసిన లెక్కలను అది కొన్నేళ్ళకొకసారి సవరించి ప్రకటిస్తుంది.

2018లో అచ్చయిన నివేదికలో ఎయిరీ-సున్నకూ పదవి పోయింది. నేటి కెమెరాల ముందు అర కిలోమీటరు కూడా వెడల్పే మరి. 1976లో దిగిన వైకింగ్-1 నౌక ఉన్న చోటు, దాని రేడియో సంకేతాల వల్ల ఎంతో కచ్చితంగా తెలుసు. ఆ నౌక 47.95137 డిగ్రీల పడమటి రేఖ మీద ఉందని ఖాయం చేసి, సున్నను దాన్నిబట్టి లెక్కిస్తున్నారు. కొత్త సున్న ఆ బుల్లి గుంట దగ్గరే పడుతుంది గనుక పాత పటాలు పారవేయనక్కరలేదు.

చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు గనుక ఆ ముఖం నడిమి భాగమే సున్న. అక్కడ తగాదా దిక్కులతో వచ్చింది. పూర్వం మన ఆకాశంలో తూర్పు వైపు ఉన్న అంచునే చంద్రుని తూర్పు అనేవారు. చంద్రుని మీద నిలబడినవాడికి అది పడమర! మనిషి అక్కడికి వెళ్ళే రోజులు దగ్గరపడుతుండగా, 1961లో ఖగోళ సంఘం దిక్కులు తారుమారు చేసింది. పేర్లు మాత్రం మార్చలేదు. ‘తూర్పు సముద్రం’ అనే అర్థం గల పేరున్న మేర్ ఓరియెంటాలే ఇప్పుడు పడమటి అంచున ఉంది.

2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 దిగిన చోటు 69.37 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 32.32 డిగ్రీల తూర్పు రేఖాంశం. 1961కి ముందు అచ్చయిన చంద్రపటం మీకు ఎక్కడైనా దొరికితే, ఆ చోటును ‘పడమర’ అని రాసి ఉన్న వైపు వెతకండి.