ఫోన్‌లో జీపీఎస్ ఉందా? అయితే నిధి వేటకు రెడీ.. స్కౌట్ క్యాంపుల్లో ఆడే జియోకాచింగ్ అంటే ఏంటి? మన ఊళ్లో ఆడొచ్చా?

సెలవులొస్తే చాలు, పిల్లలు ఫోన్ వదలరు. తిట్టినా, దాచిపెట్టినా లాభం ఉండదు. కానీ అదే ఫోన్‌తో పిల్లల్ని ఇంట్లోంచి బయటికి నడిపించే ఆట ఒకటుంది. దాని పేరు జియోకాచింగ్. అమెరికాలో స్కౌట్లకు ఇందులో ఏకంగా బ్యాడ్జీనే ఇస్తున్నారు. మరి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలు ఆడొచ్చా? ఆడొచ్చు. కాకపోతే డబ్బా ఎక్కడ దాస్తున్నాం అన్నదే అసలు సంగతి.

అసలేంటీ ఆట?

ఒకరు చిన్న డబ్బాలో నోట్‌బుక్, పెన్సిల్ పెట్టి ఓ చోట దాస్తారు. ఆ చోటు అక్షాంశం, రేఖాంశం యాప్‌లో పెడతారు. మిగతావాళ్లు ఆ అంకెల్ని పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తారు. దొరికితే బుక్కులో పేరు, తేదీ రాసి డబ్బాను మళ్లీ అక్కడే పెట్టేయాలి. లోపల చిన్న బొమ్మలాంటిది ఉంటే తీసుకోవచ్చు. కానీ బదులుగా ఇంకోటి పెట్టాలి. తినేవి మాత్రం పెట్టకూడదు.

ఎలా మొదలైంది?

ఒకప్పుడు మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌ను అమెరికా ప్రభుత్వం కావాలనే తగ్గించి ఇచ్చేది. దాంతో చూపించే చోటుకి, అసలు చోటుకి 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 2న ఆ అడ్డు తీసేశారు. మర్నాడే ఓరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓ బకెట్‌లో వస్తువులు పెట్టి అడవిలో ఉంచి, ఆ అంకెల్ని ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆట అలా పుట్టింది.

స్కౌట్లకు కొత్తేమీ కాదు

1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ సుమారు 20 మంది అబ్బాయిలతో క్యాంపు పెట్టారు. స్కౌటింగ్‌కు నాంది అదే. అడుగుజాడలు చూసి దారి పట్టడం, చుట్టూ ఉన్నదాన్ని గమనించడం అక్కడ నేర్పారు. బాణం గీస్తే ఇటు రమ్మని, ఇంటూ గుర్తు పెడితే ఇటు రావద్దని అర్థం. వలయం మధ్యలో చుక్క పెడితే 'నేను ఇంటికి వెళ్లిపోయాను' అని. కెన్యాలోని నైరీలో ఉన్న ఆయన సమాధిపైనా ఆ గుర్తే ఉంటుంది.

మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబర్ 7న ఏర్పడింది. ఈ గుర్తులు, దిక్సూచి, మ్యాప్ చదవడం మన పిల్లల శిక్షణలోనూ ఉన్నాయి. అమెరికా స్కౌట్లు 2010లో జియోకాచింగ్ బ్యాడ్జీ తెచ్చారు. అంటే ఆట పాతదే, పనిముట్టు కొత్తది.

అంకెల లెక్క ఇదీ..

గద్వాల ఉన్నది సుమారు 16.23 ఉత్తర అక్షాంశం, 77.80 తూర్పు రేఖాంశం దగ్గర. చుక్క తర్వాత రెండు అంకెలే ఉంటే కిలోమీటరు తేడా రావచ్చు. నాలుగు అంకెలుంటే 11 మీటర్లు, ఐదుంటే మీటరు దగ్గరికి వస్తాం. అయితే బయలు ప్రదేశంలోనూ ఫోన్ 5 మీటర్ల దాకా తేడా చూపిస్తుంది. చెట్ల కింద, పెద్ద గోడల పక్కన ఇంకా ఎక్కువ. అక్కడి నుంచి ఫోన్ జేబులో పెట్టి కళ్లతో వెతకాల్సిందే. పిల్లలకు అసలు మజా అక్కడే!

ఎక్కడ పెట్టకూడదు?

బస్టాండ్, రైల్వే స్టేషన్, గుడి, మార్కెట్ దగ్గర అస్సలు వద్దు. గుర్తు తెలియని డబ్బా కనిపిస్తే పోలీసులకు చెప్పమని మనమే పిల్లలకు నేర్పిస్తాం కదా! 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్‌బీ పట్టణంలో ఇలాంటి డబ్బాను బాంబు అనుకుని పేల్చేశారు.

అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అక్కడ రాయి కదిలించినా తప్పే. నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దు. ఇంకో మాట.. విదేశాల నుంచి వచ్చే బంధువులు శాటిలైట్ కమ్యూనికేటర్ తెస్తే జాగ్రత్త. లైసెన్సు లేకుండా మన దేశంలో వాడితే కేసు అవుతుంది. మామూలు ఫోన్ జీపీఎస్‌కు ఏ ఇబ్బందీ లేదు.

మరి ఎలా ఆడాలి?

స్కూల్ గ్రౌండే బెస్ట్. హెడ్మాస్టర్‌ను అడిగి నాలుగైదు డబ్బాలు పెట్టండి. ప్రతి డబ్బా మీద ఆట పేరు, స్కూల్ పేరు రాయండి. గొయ్యి తవ్వి పాతిపెట్టొద్దు. సాయంత్రానికి లెక్క చూసి అన్నీ తీసేయండి.

గద్వాల కోట, పాలిటెక్నిక్ నడుస్తున్న వనపర్తి ప్యాలెస్ లాంటి చోట్లయితే డబ్బానే వద్దు. అంకెలు ఇచ్చి, అక్కడికెళ్లి చూస్తేనే జవాబు దొరికే ప్రశ్న అడగండి. ఈ ద్వారం మీద ఏం చెక్కారు? ఈ గోడ ఏ రాయితో కట్టారు? జవాబు తెచ్చినవాళ్లే విజేతలు. రోజూ బైక్ మీద దాటిపోయే కోటను పిల్లలు ఆగి చూస్తారు. ఈ ఆటలో దొరికే నిధి అదే.

వెళ్లేటప్పుడు ఒంటరిగా వద్దు. ముగ్గురు నలుగురు కలిసి, ఓ పెద్దవాళ్లను తోడు తీసుకెళ్లండి. వాటర్ బాటిల్, టోపీ మర్చిపోవద్దు. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టి చూడండి. పాములు, తేళ్లు ఉంటాయ్!