వెల్లుల్లి ధర ఎందుకింత వూగుతుంది? — తినే సరుకే విత్తనం కావడం అసలు మూలం

(మా వాణిజ్య విలేఖరి)

వెల్లుల్లి వర్తకంలో లాభమైనా, నష్టమైనా ఓ మోస్తరుగా వుండదని యీ సరుకు పట్టిన వారందరికీ అనుభవమే. 2018లోను, తిరిగి 2022లోను మధ్యప్రదేశ్ యార్డులలో నాసిరకం సరుకు కిలో ఒకటి, రెండు రూపాయలకు పడిపోయింది. బండి బాడుగ కూడా గిట్టక కొందరు రైతులు బస్తాలను పారబోసి యిళ్ళకు వెళ్ళారు. అదే సరుకు 2024 ఆరంభంలో చిల్లర దుకాణాలలో కిలో రూ. 400లు దాటింది. నేల మారలేదు, వాడకం మారలేదు. నడిచిన కాలం రెండేళ్ళు కూడా లేదు. యింతటి వ్యత్యాసానికి కారణం దళారుల చాతుర్యమేనని బజారులో అనుకోవడం కద్దు. కాని అసలు కారణం ఆ మొక్క స్వభావంలోనే వున్నది.

రెబ్బే విత్తనం

కోస్తాలో వెల్లుల్లి, రాయలసీమలో తెల్లగడ్డ, తెలంగాణాలో ఎల్లిగడ్డ అని పిలిచే యీ దినుసు ఉల్లి కుటుంబంలోనిదే. వృక్షశాస్త్రంలో ఈ రెండూ 'అల్లియం' అనే ఒకే ప్రజాతికి చెందినవి. అయితే వర్తకుడు గుర్తించవలసిన తేడా ఒకటున్నది. ఉల్లి పూస్తుంది, కాస్తుంది, నల్ల విత్తనం యిస్తుంది. ఆ విత్తనాన్ని వేరుగా పండిస్తారు, వేరుగా అమ్ముతారు. సాగులోని వెల్లుల్లి రకాలు పూత వేసినా గట్టి గింజ కట్టవు. గింజ కట్టే రకాలు మధ్య ఆసియాలో వున్నట్లు 1980లలో జపాన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నప్పటికీ, మన రైతు నేటికీ నాటేది రెబ్బనే. అనగా కూరలో వేసేదీ, పొలంలో వేసేదీ ఒకే సరుకు.

దీని ఫలితం లెక్కలో చూద్దాం. హెక్టారుకు సుమారు 5 క్వింటాళ్ళ రెబ్బలు కావాలి. గడ్డ ధర కిలో రూ. 20లు వున్నప్పుడు విత్తనపు ఖర్చు రూ. 10,000లు. అదే ధర రూ. 200లకు చేరితే విత్తనానికే లక్ష రూపాయలు పెట్టాలి. విత్తనాన్ని వేరుగా పండించే దినుసులలో ధర పెరిగినంత మాత్రాన విత్తనపు ఖర్చు యిలా వెన్వెంటనే పదింతలు కాదు.

ధర పడిపోయిన సంవత్సరంలో రైతు విసిగి విత్తనపు గడ్డను కూడా అమ్మివేస్తాడు, లేదా పారవేస్తాడు. మరుసటి యేడు విస్తీర్ణం తగ్గుతుంది, ధర లేస్తుంది. లేచిన ధర చూసి అందరూ నాటాలనుకుంటారు. నాటడానికి కావలసిన గడ్డ తినే గడ్డలోనుంచే రావాలి. అందుచేత సెప్టెంబరు నుంచి నవంబరు వరకు విత్తనపు గిరాకీ, వంటింటి గిరాకీ ఒకే నిల్వపై పడి, అసలే ఎక్కిన ధర మరింత ఎక్కుతుంది. ఆ పంట బయటకు వచ్చేసరికి సరుకు వెల్లువెత్తి ధర కూలుతుంది. యీ చక్రం సాధారణంగా రెండు, మూడు సంవత్సరాలలో ఒకసారి తిరుగుతున్నట్లు గత అనుభవం చెబుతున్నది.

వచ్చేది ఒక్క పంటే

ఉల్లి యేడాదిలో రెండు, మూడు కార్లు వస్తుంది. ఒక కారు పోయినా మరొకటి ఆదుకుంటుంది. వెల్లుల్లి ప్రధానంగా ఒక్క రబీ పంటే. అక్టోబరు, నవంబరులలో నాటితే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు త్రవ్వుతారు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్, నీమచ్, రత్లాం ప్రాంతాలు, రాజస్థాన్‌లోని కోట, బారాన్, ఝాలావాడ్ జిల్లాలు దీనికి ఆయువుపట్లు. గుజరాత్‌లో గోండల్, జామ్‌నగర్ యార్డులు పేరుపొందినవి. దక్షిణాదిన నీలగిరులు, కొడైకెనాల్ కొండలలో ఘాటైన రకం పండుతుంది. కొడైకెనాల్ కొండ వెల్లుల్లికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

తెలుగు జిల్లాలలో సాగు స్వల్పం, వాడకం అధికం. మన బజారు బయటి సరుకుపైనే ఆధారపడి వున్నది. ఆవకాయ కాలమైన ఏప్రిల్, మే మాసాలు కొత్త గడ్డ రాబడులు ముమ్మరంగా వుండే రోజులతో కలసి రావడం మన గృహిణుల అదృష్టమనే చెప్పాలి. కాని అప్పుడు కొన్న పచ్చి గడ్డలో తేమ ఎక్కువ. పచ్చడికి సరిపోయేదంతా గోదాముకు సరిపోదు.

నిల్వలో దాగిన తరుగు

వెల్లుల్లి నిల్వ వేసేవారు చేసే ప్రధానమైన పొరపాటు కొన్న ధరతో అమ్మకపు ధరను పోల్చి చూసుకోవడం. నడుమ తరుగు వున్నది. గాలి ఆడే గోదాములో అయిదారు మాసాలు వుంచితే ఆరుదల, కుళ్ళు, మొలక కలసి నూటికి 20 వంతుల వరకు పోవడం వింత కాదు.

ఉదాహరణకు ఒక వర్తకుడు క్వింటాలు రూ. 5,000ల చొప్పున 100 క్వింటాళ్ళు కొన్నాడనుకుందాం. పెట్టుబడి రూ. 5 లక్షలు. ఆరు మాసాలకు సాలుకు 12 శాతం వడ్డీ లెక్కన రూ. 30,000లు. తరుగు పోగా మిగిలేది 80 క్వింటాళ్ళు. అసలు రావాలన్నా క్వింటాలు రూ. 6,625లకు అమ్మాలి. హమాలీ, గోదాము అద్దె, గోనెల ఖర్చు దీనికి అదనం. ధర నూటికి 30 పెరిగినా, అంటే రూ. 6,500లు పలికినా, యీ వర్తకుడు నష్టపోయినట్లే.

వెల్లుల్లి వాసన గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. చెక్కుచెదరని రెబ్బకు ఘాటు వాసన వుండదు. రెబ్బలోని అల్లీన్ అనే పదార్థం, అల్లీనేజ్ అనే ఎంజైము వేరువేరు అరలలో వుంటాయి. రెబ్బ నలిగినపుడు అవి కలసి అల్లిసిన్ పుడుతుంది. ఆ ఘాటు దానిదే. 1944లో అమెరికాలో దీనిని వేరుచేసి గుర్తించారు. కనుక గోదాము తలుపు తీయగానే వాసన గుప్పుమంటే అది సరుకు శ్రేష్ఠతకు గుర్తు కాదు. లోపల ఎక్కడో గడ్డ నలిగిందని, కుళ్ళు మొదలయిందని అర్థం. వెంటనే బస్తాలు తిరగవేయించి ఏరించుకోవడం మంచిది.

వాసన వుంటేనే వెల్లుల్లి కాదు

వెల్లుల్లి వాసన వేసే మొక్కలు వేరే ప్రజాతులలో కూడా వున్నవి. దక్షిణాఫ్రికాకు చెందిన తుల్బాఘియా వాటిలో ప్రసిద్ధమైనది. కేప్ ప్రాంతానికి డచ్చి గవర్నరుగా వుండిన రైక్ తుల్బాఘ్ పేరిట 18వ శతాబ్దంలో లిన్నేయస్ దానికి ఆ పేరు పెట్టాడు. ఊదారంగు పూల కోసం తోటలలో పెంచుతారు. ఆకు నలిపితే వెల్లుల్లి వాసనే. కాని వెల్లుల్లివలె రెబ్బలు కట్టి యార్డుకు వచ్చే గడ్డ కాదు. అలాగే 'ఏనుగు వెల్లుల్లి' అని విదేశాలలో అమ్మే పెద్ద గడ్డ అసలు లీక్ జాతికి దగ్గర. దాని ఘాటు తక్కువ. గడ్డ పరిమాణం చూసి ధర కట్టేవారు ఘాటు కూడా చూసుకోవాలి.

కూరగాయా? సుగంధ ద్రవ్యమా?

యిది పండితుల వాదం కాదు. కమీషను ఏజెంట్ల బ్రతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న. సుగంధ ద్రవ్యాల బోర్డు జాబితాలో వెల్లుల్లి వున్నది. కాని కస్టమ్స్ పట్టికలో తాజా వెల్లుల్లిని ఉల్లితోపాటు కూరగాయల అధ్యాయంలో చేర్చారు. మధ్యప్రదేశ్‌లో 2015లో మండీ బోర్డు దీనిని కూరగాయల క్రింద చేర్చగా, 1972 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం యిది సుగంధ ద్రవ్యమేనని వ్యవసాయ శాఖ ఆ వుత్తర్వును రద్దు చేసింది. కూరగాయ అయితే ఏజెంటు ద్వారా కమీషనుపై అమ్మవచ్చు; సుగంధ ద్రవ్యమయితే వ్యవసాయ మండీలో నేరుగా వేలం. ఏజెంట్ల సంఘం హైకోర్టు ఇండోర్ బెంచికి వెళ్ళింది. యేళ్ళ తరబడి నడిచిన యీ వివాదంలో, త్వరగా పాడయ్యే సరుకు కాబట్టి యిది కూరగాయేనన్న 2017 నాటి తీర్పును డివిజన్ బెంచి 2024 జూలైలో సమర్థించింది. రెండు రకాల మార్కెట్లలోను అమ్ముకోవచ్చునని కూడా చెప్పింది.

చైనా నీడ

ప్రపంచంలో పండే వెల్లుల్లిలో దాదాపు మూడు వంతులు చైనాదే. రెండవ స్థానం మనది. షాన్‌డాంగ్ రాష్ట్రంలోని జిన్‌షియాంగ్ శీతల గిడ్డంగులలోని నిల్వలు ప్రపంచ ధరలను శాసిస్తాయి. 2009–10లో అక్కడ జరిగిన స్పెక్యులేషను ధరలను ఎన్నో రెట్లు పెంచింది. అమెరికా 1994లోనే చైనా వెల్లుల్లిపై 376.67 శాతం యాంటీ డంపింగ్ సుంకం విధించింది. మన ప్రభుత్వం శిలీంధ్రపు తెగులు భయంతో 2014లో దిగుమతిని నిషేధించింది. అయినా ధర ఎక్కినప్పుడల్లా దొంగ సరుకు తొంగి చూస్తూనే వున్నది. 2024 సెప్టెంబరులో గోండల్ యార్డులో చైనా బస్తాలు కనబడగా గుజరాత్‌లో వర్తకులు, రైతులు నిరసన తెలిపారు. ధర తక్కువని యిటువంటి సరుకు పట్టినవారికి జప్తు భయం వున్నదని వేరే చెప్పనక్కరలేదు.

గమనించవలసినవి

వెల్లుల్లికి కనీస మద్దతు ధర లేదు. ధర మరీ పడిపోయినపుడు మార్కెట్ జోక్య పథకం క్రింద కొనుగోళ్ళు జరుగుతాయి. 2018లో రాజస్థాన్‌లో క్వింటాలుకు రూ. 3,257లు యిలాగే నిర్ణయించారు. కాని యిది పంట వచ్చిన తర్వాత, గొడవ జరిగిన తర్వాత వచ్చే సాయం. దానిని నమ్ముకొని నిల్వ వేయరాదు.

కనుక నిల్వదారులు మూడు సంగతులు కనిపెట్టుకొని వుండాలి. మొదటిది, మంద్‌సౌర్, నీమచ్, కోటలలో అక్టోబరులో విత్తనపు గడ్డ పలికే ధర. అది ఎక్కువగా వుండి కూడా నాట్లు పెరిగితే వచ్చే మార్చికి జాగ్రత్త పడాలి. రెండవది, త్రవ్వకాల కాలంలో వర్షం. తడిసిన గడ్డ ఎంత చవకగా వచ్చినా గోదాముకు పనికిరాదు. మూడవది, తన సొంత తరుగు లెక్క. మొదటి రెండూ యితరుల చేతిలోనివి. మూడవది మాత్రం ప్రతి వర్తకుని చిట్టాలోనే వుంటుంది. వెల్లుల్లిలో మునిగినవారు చాలామంది దానిని చూసుకోకనే మునిగారు.