సన్నని సెగ, మూసిన మూత: పెద్ద మాంసం వండటం నేర్చుకునేవారికి

సి.బెళగల్ మొదలుకొని ఎమ్మిగనూరు, ఆదోని వరకు మన ఇళ్ళలో కొత్తగా వంట నేర్చుకునే అమ్మాయి ఎక్కువగా భయపడేది పెద్ద మాంసానికే. కోడికూర అరగంటలో అయిపోతుంది. మేక మాంసం గంట, గంటన్నరలో మెత్తబడుతుంది. పెద్ద మాంసం మాత్రం రెండు గంటలు పొయ్యి మీద ఉన్నా ఒక్కోసారి తోలులా సాగుతుంది. అప్పుడు దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నవారిలో ఎవరో ఒకరు ఒక మాట అంటారు. ఆ మాటతో ఆ అమ్మాయి మళ్ళీ దేగ్చీ పెట్టాలంటేనే జంకుతుంది. మేక మాంసం కొనే స్తోమత లేని కూలి కుటుంబానికి పిల్లల ఒంటికి బలమిచ్చే ఆహారం ఇదే. కనుక ఈ వంటను ఓపికగా నేర్పడం, నేర్చుకోవడం చిన్న విషయమేమీ కాదు.

ముందుగా ఒక స్పష్టత అవసరం. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం గోవధను నిషేధించింది. ఇతర పెద్ద పశువుల విషయంలోనూ అధికారి ధ్రువపత్రం అవసరం. మేమిక్కడ చెబుతున్నది సక్రమంగా జిబహ్ అయిన ఎనుము మాంసం గురించి. చట్టాన్ని పాటించే నమ్మకమైన దుకాణంలోనే కొనాలి.

ముక్క ఎందుకు గట్టిగా ఉంటుంది?

పశువు ఎక్కువగా కదిలించే అవయవాలలోని కండ గట్టిగా ఉంటుంది. ఆ కండపోగులను తెల్లని పొరలు, నరాల వంటి పట్టీలు కలిపి ఉంచుతాయి. పశువు వయసు పెరిగేకొద్దీ అవి మరింత బిరుసెక్కుతాయి. పెద్ద మంట పెట్టి తెర్లిస్తే కండపోగులు బిగుసుకొని తమలోని నీటిని బయటకు పిండివేస్తాయి. పొరలు కరగడానికి మాత్రం వ్యవధి చాలదు. సన్నని సెగ మీద, ఆవిరి పోకుండా, చాలాసేపు ఉంచితే ఆ పొరలే కరిగి జిగురుగా మారి రసంలో కలుస్తాయి. పాయా చల్లారినప్పుడు గడ్డకట్టేది ఈ జిగురు వల్లనే. బిర్యానీకి మనం పెట్టే దమ్ములోని కిటుకూ ఇదే: తక్కువ నీరు, మూసిన మూత, తగ్గించిన మంట.

కనుక కొత్తవారు ఖరీదైన మెత్తని కండ కోసం వెతకనక్కరలేదు. సీనా అనే ఛాతీ భాగం, దస్త్ అనే ముందుకాలి భుజం, మూలుగ ఉన్న నల్లి ఈ పద్ధతికి బాగా నప్పుతాయి. కొవ్వు, పొర బొత్తిగా లేని తొడ కండ మాత్రం ఎక్కువసేపు ఉడికితే పీచులా ఎండిపోతుంది.

వండే క్రమం

ఎముకతో కూడిన ఒక కిలో మాంసాన్ని రెండంగుళాల ముక్కలుగా కోయించుకోవాలి. చిన్న ముక్కలు త్వరగా ఎండిపోతాయి. కడిగి, జల్లిలో వేసి నీరంతా ఓడ్చాలి. రెండు చిన్న చెంచాల ఉప్పు, అర చెంచా పసుపు, రెండు పెద్ద చెంచాల అల్లం, తెల్లగడ్డ ముద్ద పట్టించి గంటసేపు ఉంచాలి. ముదురు మాంసమైతే ఒక పెద్ద చెంచా పచ్చి బొప్పాయి తురుము కలపవచ్చు. అంతకు మించితే పైభాగం ముద్దవుతుంది, లోపల గట్టిగానే ఉంటుంది.

అడుగు మందంగా ఉన్న దేగ్చీలో నాలుగు పెద్ద చెంచాల వేరుశనగ నూనె బాగా కాగనివ్వాలి. ముక్కలన్నీ ఒకేసారి వేయకూడదు. అలా వేస్తే దేగ్చీ చల్లబడి, నీరూరి, ముక్కలు వేగడానికి బదులు ఉడుకుతాయి. మూడు వాయిలుగా వేసి, వెంటవెంటనే కదపకుండా, ప్రతి వైపూ గోధుమ రంగు వచ్చేదాకా వేయించి తీయాలి. రుచిలో సగం ఇక్కడే పుడుతుంది.

అదే నూనెలో ఒక చెక్క ముక్క, నాలుగు లవంగాలు, మూడు ఏలకులు వేసి, మూడు పెద్ద ఎర్రగడ్డలను సన్నగా తరిగి బంగారు రంగు వచ్చేవరకు వేయించాలి. మంట తగ్గించి రెండు చిన్న చెంచాల మిరప్పొడి, రెండు చెంచాల ధనియాల పొడి వేయాలి. మన పశ్చిమ కర్నూలు రైతులు పండించే బ్యాడగి రకం మిరప అయితే కారం తక్కువ, రంగు ఎక్కువ. తరువాత చిలికిన పెరుగు అర గిన్నె కొద్దికొద్దిగా కలపాలి. కొంచెం నీళ్ళు చల్లి, అడుగున అంటుకున్నదంతా గరిటెతో గీకి రసంలో కలిపివేయాలి. అది మాడనంతవరకు రుచినిచ్చేదే.

ఇప్పుడు ముక్కలను తిరిగి వేసి, వాటి ఎత్తులో సగం వరకే వేడినీళ్ళు పోయాలి. ఒక్క పొంగు రాగానే మంట బాగా తగ్గించాలి. రసం మీద ఒకటి రెండు బుడగలు మాత్రమే లేవాలి. మూత పెట్టి, దానిపై నీళ్ళ గిన్నె బరువుగా ఉంచాలి. కట్టెల పొయ్యి అయితే కట్టెలు లాగివేసి నిప్పుల మీదనే ఉంచాలి. అరగంటకొకసారి చూసి, అవసరమైతే వేడినీళ్ళే పోయాలి. రెండున్నర నుండి మూడు గంటలు పడుతుంది. గడియారం కంటే చెంచానే నమ్మాలి. చెంచాతో నొక్కితే ముక్క విడిపోవాలి, ఎముక దానంతట అది ఊడి రావాలి. దించిన తరువాత ఇరవై నిమిషాలు మూత తీయకుండా ఉంచి, కొత్తిమీర చల్లి వడ్డించాలి.

గ్యాసు ఆదా చేయదలచినవారు వేయించడం వరకు ఇలాగే చేసి, ఆపై కుక్కరులో ఒక గ్లాసు నీళ్ళతో, మొదటి విజిల్ తరువాత సన్నని మంట మీద 40 నిమిషాలు ఉంచవచ్చు. ఆవిరిని దానంతట అదే దిగనివ్వాలి.

ఇంతా చేసి ముక్క ఇంకా గట్టిగా ఉంటే వంట పాడైనట్లు కాదు, సమయం చాలలేదని అర్థం. మంట పెంచవద్దు. అర గ్లాసు వేడినీళ్ళు పోసి మరో అరగంట ఉంచాలి. బక్రీద్ నాడు మరొక కారణం కూడా ఉంటుంది. జిబహ్ అయిన కొన్ని గంటలకు కండరాలు బిగుసుకుంటాయి. ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచితే అవి సడలుతాయి. మన ఎండలకు బయట మాత్రం ఉంచరాదు.

రసంలో పొరుగువారి వాటా

కూర వండినప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోసి, పొరుగువారిని గుర్తుంచుకోమని మహాప్రవక్త (సఅసం) హజ్రత్ అబూ జర్ (రజి)కు ఉపదేశించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. కనుక వంట పూర్తయ్యాక రెండు గ్లాసుల వేడినీళ్ళు పోసి ఒక పొంగు రానిస్తే రసం మరో ఇంటికి కూడా సరిపోతుంది. ఈ మాంసం తినని పొరుగువారి మనసు నొప్పించకుండా, వారికి పండ్లో మిఠాయిలో పంపడం మర్యాద. మాంసరసంలో రొట్టె తుంచి నానబెట్టిన సరీద్ ప్రవక్త (సఅసం) మెచ్చిన ఆహారం. మన జొన్నరొట్టె ఈ రసంలో నానితే దాని రుచి ఎలాంటిదో మన పిల్లలకూ తెలుస్తుంది.

దస్తర్‌ఖాన్ వద్ద

మహాప్రవక్త (సఅసం) ఏనాడూ ఆహారానికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే వదిలేసేవారని హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు. వంటలో మొదటి అడుగులు వేస్తున్న కోడలి ముందు ఈ సున్నతును మనలో ఎందరం పాటిస్తున్నాం? మూడు గంటలు పొయ్యి దగ్గర నిలబడిన మనిషిని మూడు మాటలతో చిన్నబుచ్చడం ఏ ధర్మం?

ఆయన (సఅసం) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటిపనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. కనుక ఈ వంట ఆడపిల్లలకే పరిమితం కారాదు. హైదరాబాదుకో గల్ఫ్ దేశాలకో వెళ్ళి గదిలో ఒంటరిగా వండుకు తినవలసిన మన కుమారులకూ దీన్ని నేర్పాలి.

మొదటిసారి అర కిలోతో, అతిథులు లేని రోజున మొదలు పెట్టించండి. అత్తగారో తల్లిగారో పక్కన నిలబడి మంట ఎంత ఉండాలో చూపండి. ఆనాడు ముక్క గట్టిగా ఉంటే, రసంతో రొట్టె తిని అల్‌హందులిల్లాహ్ అనండి. ముక్కలను మళ్ళీ సన్నని సెగ మీద పెట్టమని నెమ్మదిగా చెప్పండి. రాత్రి భోజనానికి అవి మెత్తబడే ఉంటాయి. అల్లాహ్ మన ఇళ్ళలోని ఆహారంలో బర్కత్‌ను, మన నాలుకలపై మృదుత్వాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.