ఇంటికి రావలసిన వాటా

విజయవాడ సత్యనారాయణపురములో గాని, గుంటూరు బ్రాడీపేటలో గాని సందు మొగమున నిలిచి చూచినవారికి ఒకే పోలికగల యిండ్లు వరుసగా కనిపించును: క్రింద యజమాని కాపురము, ప్రక్కన ఒక చిన్న వాటా, బయటినుండి పైకి ప్రాకిన సన్నని మెట్లు, మేడమీద రెండు వాటాలు, గోడకు వరుసగా బిగించిన కరెంటు మీటర్లు, పిట్టగోడపై ఆరవేసిన నాలుగు సంసారముల బట్టలు, గేటునకు తీగతో కట్టిన 'టు-లెట్' పలక. హైదరాబాదున 'పోర్షను' అనియు, కోస్తాలో 'వాటా' అనియు పిలువబడు ఈ నివాసములను కట్టినవారిలో అధికులు ధనికులు కారు. ప్రావిడెంటు ఫండు చేతికందిన గుమాస్తాలు, బడిపంతుళ్ళు, పొలమమ్ముకొని పట్టణము చేరిన రైతులు. నెలకింత యద్దె వచ్చుచుండగా వార్ధక్యము నిశ్చింతగా గడచునని వారి యాశ. ఆ యాశ తప్పని నేననను. కాని వారి లెక్కలో ఒక వాటాదారు పేరు ఎప్పుడును కనబడదు. ఆ వాటాదారు ఇల్లే.

ఒక్కొక్క వాటాకు నెలకు 10,000 రూపాయల చొప్పున మూడు వాటాలకు ఏడాదికి 3,60,000 అనుకొందము. ఈ మొత్తమంతయు తన యాదాయమే యని తలపోసి యజమాని బ్యాంకు వాయిదాకో, మనుమని చదువునకో ముందుగనే మాట యిచ్చివేయును. ఆషాఢమున ఖాళీ యైన వాటాలో శ్రావణము వచ్చుదాక ఎవరును పాలు పొంగింపరనియు, వెడలిపోయినవారి మేకుల గుంటలు పూడ్చి సున్నము వేయింపనిదే క్రొత్తవారు గడప త్రొక్కరనియు అప్పుడు గుర్తునకు రాదు. విచిత్రమేమనగా, యజమాని మరచిన ఈ వాటాను ఆదాయపు పన్ను చట్టము మరువలేదు. వచ్చిన యద్దెనుండి, చెల్లించిన ఆస్తిపన్ను తీసివేయగా మిగిలినదానిలో నూటికి 30 వంతులను, మరమ్మతు చేయించినను చేయింపకున్నను, అది మినహాయించును. ఆస్తిపన్ను 20,000 పోయినదనుకొన్నచో ఆ మినహాయింపు 1,02,000 అగును. రసీదు చూపవలసిన పనిలేదు గనుక పన్ను కాగితముపై ఆ సొమ్ము ఇంటిపేర పడును. సొమ్ము మాత్రము ఇంటికి చేరదు.

ఇంటి యాకలి మొదట బయటపడునది క్రింది వాటా స్నానాలగది కప్పుపైన. ఈ యేడు అరచేతియంత పసుపు మరక. మరుసటి వానకాలమునకు అది చాపయంత. పిమ్మట సున్నము పొరలుగా లేచి, ఒకనాటి రాత్రి పెచ్చు ఊడి బకెట్టులో పడును. చాలమంది ఊడినచోట సిమెంటు మెత్తించి రంగు వేయింతురు. జ్వరము వచ్చినవాని నొసట గంధము పూయుట వంటిది ఈ వైద్యము. కాంక్రీటునకు స్వభావసిద్ధమైన క్షారగుణము లోపలి ఇనుప చువ్వలను తుప్పునుండి కాపాడుచుండును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏండ్ల తరబడి లోనికి దిగి ఆ గుణమును హరింపగా, పై వాటాలో నీరుపోవు తూము చుట్టు పడిన బీటలనుండి చెమ్మయు తోడైనప్పుడు, చువ్వ తుప్పు పట్టనారంభించును. తుప్పు తాను పుట్టిన యినుముకంటె రెట్టింపునకు మించిన చోటు నాక్రమించును గనుక, అడుగుపొరను లోపలినుండి త్రోసి పడవేయును. కావున వైద్యము పైవాటాలో మొదలు కావలెను: తూమును మూసి, గదినేలపై ఒక దినమంతయు నీరు నిలిపి, క్రింద చెమ్మ దిగు చోటు కనిపెట్టి, తప్పు గొట్టముదో నేలదో తేల్చుకొని, దానిని బాగుచేసిన తరువాతనే క్రింది పెచ్చులను గట్టి కాంక్రీటు తగులుదాక చెక్కి, చువ్వల తుప్పు గీకించి, తుప్పు నాపు పూత వేయించి, సన్నబడినచోట క్రొత్త చువ్వ చేర్చి, అటుపిమ్మట మెత్తింపవలెను. మేస్త్రీకి ఈ క్రమము తెలియదని కాదు. 'పైవాళ్ళు ఖాళీ చేస్తేగాని కుదరదండీ' అని అతడనును. ఖాళీ యనగా అద్దె పోవుట గనుక, యజమాని ఆ మాట వినిపించుకొనక పైపూతకు బేరమాడును.

ఇంకను పాతవైన మద్రాసు టెర్రసు కప్పుల సంగతి వేరు. టేకు దూలములపై ఇటుకలను అంచున నిలిపి సున్నముతో కూర్చి, మీద ఇటుకముక్కల సున్నపు కాంక్రీటును దిమ్మిసలతో కొట్టి కట్టిన యా కప్పునకు సిమెంటు పొర మేలు చేయదు: సున్నము చెమ్మను పీల్చి వదలును, సిమెంటు దానిని బంధించును; బంధింపబడిన తడి, గోడలో దాగిన దూలపు కొనలను కుళ్ళించును. కరక్కాయ, బెల్లము నానవేసిన నీటితో సున్నము పని చేయగల మేస్త్రీలు నేడు అరుదు. అట్టివాడు దొరికినచో అల్లునివలె చూచుకొనవలెను.

విద్యుత్తును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. రెండు దీపములకు, ఒక పంకాకు వేసిన తీగపై నేడు గీజరు, ఏసీ, వాషింగు మెషీను భారము పడుచున్నది. కరెంటు ధర వాడకము పెరిగినకొలది మెట్టుమెట్టుగా హెచ్చునది గనుక, రెండు సంసారములకు ఒకే మీటరున్నచో ఇరువురును పైమెట్టు ధర చెల్లింతురు, చెల్లించుచు ఒకరినొకరు అనుమానింతురు. వాటాకొక మీటరును, మోటారునకును మెట్ల దీపమునకును వేరొకటియు పెట్టించుటకు మించిన శాంతిమంత్రము నేనెరుగను. నీటి గొడవ అంత సులభముగా తీరదు. సంపు ఒకటి, మోటారు ఒకటి, 'పిన్నిగారూ, మోటారు వేయరూ!' అను కేకలు మాత్రము మూడు.

ఇక చట్టము. కోస్తా, సీమలలో మద్రాసు రాష్ట్రపు 1949 నాటి శాసనమును, తెలంగాణమున హైదరాబాదు రాష్ట్రపు 1954 నాటి శాసనమును నడచుచుండగా, రెంటి స్థానమున 1960 లో ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టము వచ్చెను. కట్టడములు పెరుగునను తలంపుతో 1957 ఆగస్టు 26 నుండి కట్టిన యిండ్లను దాని పరిధినుండి తప్పించిరి. పాతికేండ్లు గడచినను ఆ మినహాయింపు సాగుట అసమంజసమని 1983 లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. మరమ్మతు విషయమున ఆ చట్టము పలికినది నాకు న్యాయముగనే తోచును: ఖాళీ చేయనిదే సాగని మరమ్మతైనచో యజమాని ఇల్లు స్వాధీనము కోరవచ్చునని, కాని పని ముగిసిన వెనుక ఆ పాతవారికే దానిని ఇవ్వజూపవలెనని అందుండెను.

చిన్న యజమానులు ఇంత దూరము పోరు. వారెరిగినది పదునొకండు నెలల కాగితము. ఏడాది మించిన లీజుపత్రమునకే రిజిస్ట్రేషను కావలెనను నమ్మకముతో ఒక నెల తగ్గించి వ్రాసికొందురు. అందులో అద్దె, అడ్వాన్సు, తేదీ యుండును; కుళాయి కారినచో ఎవరు చూడవలెను, కప్పు కారినచో ఎవరు చూడవలెను అను మాట యుండదు. 2021 లో కేంద్రము రూపొందించిన నమూనా అద్దె చట్టమున ఈ పట్టిక స్పష్టముగా నున్నది: కట్టడపు మరమ్మతులు, గోడలకు సున్నము, తలుపులకు రంగు, గొట్టములు, తీగలు మార్చుట యజమాని పాలు, కుళాయి వాషరు, తూము శుభ్రము, స్విచ్చులు, కిటికీ అద్దములు అద్దెకున్నవారి పాలు. నివాసమునకు అడ్వాన్సు రెండు నెలల యద్దె మించరాదనియు అందు కలదు. ఏ రాష్ట్రము దాని నంగీకరించినను లేకున్నను, ఆ పట్టికను మన కాగితము వెనుక వ్రాసికొనుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. అది మాని, వచ్చినవారి కులమును, వంటింటి వాసనను విచారించు యజమానులను చూచితిని. శాకాహారులున్న వాటాలోను కప్పు కారును.

అద్దె చాలనప్పుడు మరియొక అంతస్తు లేపుదమను బుద్ధి పుట్టును. ఒక్క మేడకు వేసిన పునాది రెండవదానిని మోయునో లేదో ఇంజనీరును అడుగక ముందడుగు వేయరాదు. అందును కృష్ణా, గుంటూరు సీమల నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుదించుకొనునది.

పైవారిని ఖాళీ చేయింపకయే స్నానాలగది త్రవ్వించిన ఇల్లొకటి నేనెరుగుదును. పని ముగియుదాక నాలుగు సంసారములకు క్రింది గదులే దిక్కయ్యెను. ఉదయము ఆరు గంటలకు సబ్బుపెట్టెలు, చెంబులు, తువాళ్ళు వరుసలో నిలిచెడివి. ఒకనాడు వృద్ధుడైన యజమాని వంతు రాగానే పైవాటా పిల్ల పుస్తకాల సంచితోనే పరుగెత్తి వచ్చి, 'తాతగారూ, బస్సు వెళ్ళిపోతుందండీ' అనెను. ఆయన ప్రక్కకు తొలగి, తువాలు భుజముమీద వేసికొని మెట్లమీద కూర్చుండెను. పైన ఉలి మ్రోగుచుండెను.